విచారణ కమిషన్ల జాప్యం: కాళేశ్వరం ఉదాహరణగా ఒక విమర్శ

విచారణ కమిషన్ల చట్టం, 1952 అనగానే మీకు సివిల్ కోర్టు అధికారాలు గుర్తుకు వస్తాయి. జాప్యం ఎక్కడ పుడుతుందో తెలియాలంటే 3, 8బి, 8సి సెక్షన్లను కలిపి చదవండి. గడువును నిర్ణయించేది ప్రభుత్వ నోటిఫికేషన్. దాన్ని ఎన్నిసార్లు పొడిగించవచ్చో చట్టం చెప్పదు. ఖర్చుకు పరిమితి పెట్టే సెక్షన్ అసలే లేదు.

మన ప్రాంతంలోనే చూడండి. 2023 అక్టోబరు 21న పాత కరీంనగర్ జిల్లాలోని మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగింది. 2024 మార్చిలో ప్రభుత్వం జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్‌ను వేసి, 100 రోజుల గడువు ఇచ్చింది. నివేదిక అందింది 2025 జూలై 31న. అంటే పదహారు నెలలు దాటింది.

దీనికి సాక్షులనో, న్యాయవాదులనో తప్పుపట్టడం తేలిక. నా దృష్టిలో జాప్యం విచారణాంశాల్లోనే ఉంది. కుంగింది ఒక బ్యారేజీలోని ఒక బ్లాకు. విచారించమన్నది మూడు బ్యారేజీల ప్రణాళిక, డిజైను, నిర్మాణం. ‘ప్రణాళిక’ అన్న ఒక్క మాట చాలు, విచారణ పాత ఆదిలాబాద్ జిల్లాలోని తుమ్మిడిహట్టి దాకా పోవడానికి. ప్రాణహితపై తొలుత అనుకున్న ఆ చోటు ఎందుకు మారిందో తేల్చాలిగదా! అది వంద రోజుల్లో తెమిలే పని కాదని నోటిఫికేషన్ రాసినవారికి తెలియదనుకోలేం.

ఇక 8బి. విచారణ వల్ల ఎవరి ప్రతిష్ఠకైనా భంగం కలిగేటట్లుంటే, వారికి తమ వాదన వినిపించే అవకాశం ఇవ్వాలి. ఎదురు ప్రశ్నలు వేసే హక్కు, న్యాయవాదిని పెట్టుకునే హక్కు 8సి ఇస్తుంది. ఇది ఐచ్ఛికం కాదని 1989లో కిరణ్ బేడీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఘోష్ నివేదిక వచ్చాక మాజీ ముఖ్యమంత్రి, మాజీ నీటిపారుదల మంత్రి హైకోర్టుకు వెళ్లింది ఈ అంశంపైనే. తమను సాక్షులుగా పిలిచారే తప్ప 8బి నోటీసు ఇవ్వలేదన్నది వారి వాదన. నివేదిక ఆధారంగా వారిపై చర్య తీసుకోవద్దని 2025 సెప్టెంబరులో హైకోర్టు మధ్యంతర ఆదేశమిచ్చింది. ఆ వాదన నిలుస్తుందా లేదా అన్నది వేరే విషయం. నోటీసు దగ్గర మిగిలిన నెలలు కోర్టులో ఖర్చవుతాయన్నది మీరు గమనించాలి. న్యాయవాదుల ఫీజులూ అక్కడ మళ్లీ మొదలవుతాయి.

బ్రిటన్‌లో సావిల్ విచారణ 1998 నుంచి 2010 దాకా సాగి, 19 కోట్ల పౌండ్లకు పైగా మింగింది. అది నడుస్తుండగానే వచ్చిన 2005 చట్టం, 17వ సెక్షన్‌లో, అనవసర ఖర్చు లేకుండా చూడవలసిన బాధ్యతను విచారణాధ్యక్షుడిపై పెట్టింది. అదే సెక్షన్ నిష్పాక్షికతను కూడా ముందే కోరింది. మన చట్టానికి అలాంటి సవరణ తెస్తే, 8బి నోటీసులు ఏ దశలో ఇవ్వాలో కూడా అందులోనే రాయాలి. సాక్ష్యం మొదలయ్యాక వారంలోనో నెలలోనో కాదు, ఆరోపణ రూపుదిద్దుకున్న రోజే.