ఇంతవరకూ దాటలేదండి!

చోడవరంలో ఇంజినీరింగ్ చదువుతున్న పక్కింటి కుర్రాడు ఈ వారం కాలమిస్టును కదిపాడు. మోటారును ఆపే చిన్న ప్రోగ్రాం రాశాడు. "మాస్టారూ, ఎన్నిసార్లు నడిపినా రెండు మిల్లీసెకన్లు దాటలేదండి" అన్నాడు.

'ఇంతవరకూ కాలేదు' అన్న ధీమా వింటే ఈ కాలమిస్టుకు ఒళ్లు మండుతుందని పాత పాఠకులకు తెలుసు. 2023 అక్టోబర్ 29 రాత్రి అలమండ–కంటకాపల్లి మధ్య పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి గుద్దినప్పుడూ ఈ కాలమ్‌లో అదే గోల. ఎర్ర సిగ్నల్ దాటితే తనంతట తానే బ్రేకు వేయించే 'కవచ్' అప్పటికి ఆ మార్గంలో లేదు. అలాంటి యంత్రానికి 'సాధారణంగా సమయానికే స్పందిస్తుంది' అంటే చాలదు. ఎంత ఆలస్యమైనా ఇంతకు మించదని ముందే తేలాలి.

అది తేల్చనివ్వనిది క్యాష్, అంటే ప్రాసెసర్ చేతికందేలా ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ. వంటింట్లో పోపుల డబ్బా లాంటిది: అందులో ఉన్నది చిటికెలో చేతికొస్తుంది, లేనిదాని కోసం అటక ఎక్కాలి.

రెండు గళ్ల క్యాష్ ఉందనుకోండి. నిండితే, వాడి ఎక్కువసేపైనది బయటికి పోతుంది. ప్రోగ్రాం 'క' చదివింది. తర్వాత ఒక దారిలో 'గ' మాత్రమే చదివితే 'క' మిగులుతుంది. రెండో దారిలో 'ట', 'డ' చదివితే 'క' పోతుంది. దారులు కలిశాక 'క' ఉంటుందని హామీ లేదు. రెండు దారుల్లోనూ మిగిలినదాన్నే నమ్మాలి.

జర్మనీలోని సార్లాండ్ విశ్వవిద్యాలయంలో రైన్‌హార్డ్ విల్హెల్మ్ బృందం ఈ లెక్కను పెద్దయెత్తున సాగించింది. అక్కడి నుంచే 1998లో ఆబ్స్‌ఇంట్ సంస్థ పుట్టింది. ఈ లెక్క వేసే దాని 'ఏఐటీ' పరికరాన్ని ఎయిర్‌బస్ ఏ380కి వాడారు. చిప్పులు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. కోల్డ్‌ఫైర్ 5307 చిప్పులో ఏ గడి ఖాళీ చేయాలో క్యాష్ మొత్తానికీ ఒకే కౌంటర్ నిర్ణయిస్తుంది. దాంతో విశ్లేషణకు నికరంగా దక్కేది క్యాష్‌లో నాలుగో వంతే.

తెలియనిచోట చెడే ఊహించు, క్షేమంగా ఉంటావు: ఇది కాలమిస్టు పాత పాట. 1999లో లుండ్‌క్విస్ట్, స్టెన్‌స్ట్రోమ్ అనే పరిశోధకులు దానికీ గండి కొట్టారు. ఆదేశాలను వరుస తప్పించి నడిపే ప్రాసెసర్‌లో, కావలసింది క్యాష్‌లో దొరకడమే మొత్తం పనిని ఆలస్యం చేయవచ్చని చూపించారు. త్వరగా దొరికిన ఆదేశం ముందుకు దూకి, అసలు తొందరున్న ఆదేశానికి కావలసిన యూనిట్‌ను ఆక్రమిస్తుంది. కాబట్టి అడుగడుగునా చెడు ఊహించినా మొత్తం మీద తక్కువ అంచనా రావచ్చు. దొరికితే ఏమవుతుందో, దొరక్కపోతే ఏమవుతుందో రెండూ చూడక తప్పదు.

ఇంతకీ కుర్రాడి బోర్డు ఆర్డుయినో ఊనో. అందులోని ఏటీమెగా 328పీ చిప్పులో క్యాషే లేదు. కూడికకు ఒక క్లాక్, మామూలు గెంతుకు రెండు. అటువంటిచోట వాడి కొలతకు విలువుంది. లూపు గరిష్ఠంగా ఎన్నిసార్లు తిరుగుతుందో, నడుస్తున్న పనిని ఆపి దూరే ఇంటరప్టులు మధ్యలో ఏవి వస్తాయో రాసుకుంటే మిగతాది కాగితం మీదే తేలుతుంది. "పెద్ద చిప్పు కొందామనుకుంటున్నానండి" అన్నాడు వెళ్తూ వెళ్తూ. మోటారు ఆపడానికి దీన్నే ఉంచుకోమన్నాడు కాలమిస్టు.