డెక్కు అమ్మొద్దు బాబాయ్

ముందు ధర సంగతి తేల్చేద్దాం. పాత క్యాసెట్ల విషయం మీద నాకు ఫోన్ చేసే ప్రతివాళ్లూ కుశలప్రశ్నలు అయ్యీ అవగానే అడిగేది అదే. అటక మీది అట్టపెట్టెలో పడున్న పాత వీడియో క్యాసెట్లు ఆన్‌లైన్‌లో పెడితే డబ్బొస్తుందా? రాదు. ఎవరన్నా కొన్నా వచ్చింది కొరియర్‌కే చాలదు. క్యాసెట్ ఒక్కోటి పావుకిలోకి అటూ ఇటూ తూగుతుంది. పగలకుండా అట్టలో చుట్టి విశాఖపట్నం పంపేసరికి మిగిలేది ఏమీ ఉండదు.

"మరి అందులో అంతంత రేట్లు పెట్టారే?" అంటారు. నిజమే, ఓఎల్‌ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో 'రేర్', 'యాంటిక్' అని తగిలించి వేలకు వేలు అడుగుతున్నారు. అవి అమ్మేవాడు అడిగే ధరలు. కొన్నవాడు ఇచ్చిన ధర అక్కడ కనపడదు. ఒంగోలు పొగాకు వేలం కేంద్రంలో ఒక పూట నిలబడినవాళ్లకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు, రైతు మనసులో ఉన్న రేటు వేరు, బేలుకు పలికే రేటు వేరు. ఈబే ఇండియా ఉన్న రోజుల్లోనైనా అమ్ముడుపోయిన ధరలు వెతికి చూసే వీలుండేది. అది 2018లోనే మూతపడింది.

ఈ ఆశంతా ఎక్కడినుంచి పుట్టిందో నాకు తెలుసు. 2022 జూన్‌లో అమెరికాలో హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమా క్యాసెట్ ఒకటి 75 వేల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కలో 58 లక్షల రూపాయల దాకా. ఆ వార్త వాట్సాప్‌లో తిరిగి తిరిగి మన ఒంగోలు సంతపేటకు, లాయరుపేటకు వచ్చేసరికి 'పాత క్యాసెట్లకు లక్షలు' అయి కూర్చుంది. ఆ క్యాసెట్ సీలు విప్పనిది. పైగా అందులో విలన్ వేసిన టామ్ విల్సన్ దగ్గర సొంతంగా ఉన్న కాపీ. మన ఇంట్లోది ఊరంతా అద్దెకు తిరిగి, మూల పగిలి, వీపు మీద స్కెచ్ పెన్నుతో సినిమా పేరు రాసుకున్నది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పనిచేసే వీడియో డెక్కు ఇంకా ఇంట్లో ఉంచుకున్నవాడినని బంధువర్గంలో నాకో పేరు పడింది. పెళ్లి క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇవ్వడం సరదాగా మొదలై ఇప్పుడు ఆదివారాలన్నీ మింగేస్తోంది. మా బాబాయి సంగతి దానికి పరాకాష్ఠ. ఆయన ఒంగోల్లో అద్దంకి బస్టాండు దగ్గర వీడియో లైబ్రరీ నడిపిన మనిషి. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో రంగుల టీవీ వచ్చాక, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు చంకన డెక్కు పెట్టుకుని దిగుతున్న కాలంలో, మద్రాసు వెళ్లి బర్మా బజార్లో బేరమాడి తెచ్చుకున్న డెక్కుతో మొదలుపెట్టాడు. టీవీ, డెక్కు, మూడు సినిమాలు రాత్రికి అద్దె. చీమకుర్తి, సంతనూతలపాడు, కొత్తపట్నం ఎక్కడికైనా రిక్షాలోనో బస్సు టాప్ మీదో వెళ్లాల్సిందే. రివైండు చెయ్యకుండా తెచ్చినవాళ్లకు రూపాయి జరిమానా. కేబుల్ వచ్చాక సగం, వీసీడీ వచ్చాక మిగతా సగం పోయింది. షాపు తీసేశాడు, క్యాసెట్లు మాత్రం పారెయ్యలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయిస్తూ పెట్టెలన్నీ వరండాలోకి దించి నన్ను పిలిచాడు. "ఏందిరా, ఇన్ని పెట్టెలుంటే ఒక్కదానికీ రేటు రాదంటావా?" అన్నాడు. "ముందు చూద్దాం బాబాయ్" అన్నాను.

చూడటం అనేది ఈ పనిలో అసలు విద్య. క్యాసెట్ పక్కన చిన్న మీట ఉంటుంది, అది వేలితో నొక్కి ముందు తలుపు పైకెత్తితే టేపు బయటపడుతుంది. వెలుతురులో వాలుగా పట్టుకుని చూడాలి. నల్లగా నిగనిగలాడితే మంచిదే. చుట్ట పక్కల అంచుల మీద, కిటికీలోంచి చూస్తే కనపడేలా, తెల్లగా ముగ్గుపిండి చల్లినట్టుంటే బూజు. మనది సముద్రానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, వానాకాలం తేమ, ఎండాకాలం స్లాబు వేడి, రెండూ టేపుకు పడవు. బూజు పట్టిన టేపు పొరపాటున డెక్కులో తోశామా, లోపల నిమిషానికి 1500 చుట్లు తిరిగే డ్రమ్ముకు ఆ పొడి అంటుకుని, హెడ్లు మూసుకుపోయి, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కూ అంటిస్తుంది. బూజు క్యాసెట్లు విడిగా పెట్టాలి. మూతికి గుడ్డ కట్టుకోవాలి. ఈ మాట చెబితే మా బాబాయి నవ్వాడు గానీ సాయంత్రానికి తుమ్ములు ఆయనకే పట్టుకున్నాయి.

పైన ప్లాస్టిక్ పగిలి లోపల టేపు బాగుంటే దిగులు లేదు. వెనక అయిదు స్క్రూలు విప్పి, చుట్టలు రెండూ ఎత్తి వేరే ఖాళీ డొక్కులో కూర్చోబెడితే సరి. మూడు గంటల క్యాసెట్‌లో పావు కిలోమీటరు పైచిలుకు టేపు ఉంటుంది, చెయ్యి జారిందంటే వరండా అంతా పరుచుకుంటుంది. చాలాకాలం కదలని క్యాసెట్ ప్లే నొక్కేముందు చివరిదాకా ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పాలి, అంటుకున్న చుట్లు వదులవుతాయి.

సరే, బాబాయి పెట్టెల్లో ఎక్కువ భాగం సినిమాలే. వాటి సంగతి తేలిగ్గానే తేలింది. చేత్తో పేరు రాసుకున్నవన్నీ కాపీకి కాపీలు. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వీడియో మీద సెన్సార్ సర్టిఫికెట్ నకలు, తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా ఉండాలన్నారు. ఆ అట్టలున్నవి పెట్టెకు రెండో మూడో. మిగతావి ఇప్పుడు అమ్మకానికి పెట్టడమంటే పాత తప్పును కొత్తగా ప్రకటించుకోవడమే. అట్టలున్న అసలు కాపీలకైనా గిరాకీ ఏదీ? మా జిల్లా బిడ్డ టి.కృష్ణ తీసిన 'ప్రతిఘటన' 1985లో ఈ ఊరిని ఎంత ఊపిందో బాబాయి ఇప్పటికీ చేతులు తిప్పుతూ చెబుతాడు. ఆ క్యాసెట్ కోసం అప్పట్లో లైబ్రరీ ముందు తగువులాడుకున్నారట. ఇవాళ పాత సినిమాలు ఫోన్లోనే, అంతకంటే మంచి బొమ్మతో, ఉచితంగా దొరుకుతుంటే క్యాసెట్ కొనేదెవరు? అమెరికాలో పోగుచేసేవాళ్లున్నారు కదా అంటే, మన పాల్ పద్ధతి క్యాసెట్ వాళ్ల ఎన్‌టీఎస్‌సీ డెక్కులో ఆడదు. అక్కడి మనవాళ్లు ఒకప్పుడు ఇండియా సరుకుల కొట్లలో తెలుగు సినిమాలు అద్దెకు తెచ్చుకున్నారంటే అవి వాళ్ల పద్ధతికి మార్చిన కాపీలు.

ఒక్క రకం కొనుగోలుదారు మాత్రం నిజంగా తగిలాడు. సినిమాలకు సెట్టు సామాను సమకూర్చే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు. ఓటీటీలో 90ల నాటి ఇళ్లు చూపించే కథలు ఎక్కువయ్యాయి కదా, టీవీ స్టాండు కింద పేర్చడానికి క్యాసెట్లు కావాలన్నాడు. లోపల ఏముందని అడగలేదు, వీపు మీద చేతిరాత ఉంటే చాలన్నాడు. బాబాయి చిన్నబుచ్చుకున్నాడు. నాకైతే నచ్చింది, బూజు పట్టినవన్నీ అతనికే ఇప్పించాను. మూడు సంచుల క్యాసెట్లకు ఇచ్చిన డబ్బు ఆ రోజు సున్నం పనివాళ్ల కూలికి సరిపోయింది.

అసలు ఇబ్బంది పెళ్లి క్యాసెట్లతో. లైబ్రరీతో పాటు బాబాయి వీడియో కవరేజీ కూడా చేయించేవాడు. భుజం మీద బరువైన పానసోనిక్ కెమెరా, పక్కన సన్‌గన్ లైటు పట్టుకుని చెమటలు కక్కే కుర్రాడు, ఆ వెలుగు మొహాన పడగానే కళ్లు చికిలించే పెళ్లిపెద్దలు. తలంబ్రాలప్పుడు తెర మీద హృదయాకారం, దాని మధ్యలో వధూవరులు, ఎక్కడినుంచో వచ్చి వాలే రెండు పావురాలు. డబ్బు పూర్తిగా ఇవ్వకనో, మర్చిపోయో పార్టీలు తీసుకెళ్లనివి బాబాయి దగ్గరే ఉండిపోయాయి. వాటిని 'ఖాళీ క్యాసెట్లు, మళ్లీ రికార్డు చేసుకోవచ్చు' అని పెట్టేద్దామన్నాడు. ఈ పని చాలామంది చేస్తున్నారు, ఎవరూ తప్పనుకోవడం లేదు. నాకు మాత్రం అది బొత్తిగా కూడని పని. ఎవరింటి ఆడపిల్లల బొమ్మలో, ఎవరింటి పెద్దమనిషి ఫంక్షనో, ముక్కూమొహం తెలియని వాడికి వంద రూపాయలకు చేతిలో పెట్టడమేమిటి? అడ్రసు పట్టుకుని వాళ్లకే ఇవ్వాలి, దొరక్కపోతే టేపు తీసేసి నాశనం చెయ్యాలి. డొక్కు కావాలంటే ఉంచుకోవచ్చు.

అడ్రసు పట్టుకోవడం అనుకున్నంత కష్టం కూడా కాదు. మంగమూరు రోడ్డులో ఉండే ఒకావిడకు ఆమె పెళ్లి క్యాసెట్ పట్టుకెళ్లి ఇస్తే, ఆమె పెళ్లికూతురి సీను ఒక్క క్షణం కూడా చూడలేదు. పంక్తి భోజనాల దగ్గర ఆపించి, వడ్డిస్తున్న వాళ్ల నాన్నను చూస్తూ కూర్చుంది. ఆయన నడుస్తుండగా తీసిన బొమ్మ ఇంకెక్కడా లేదట. దానికి ఏ సైటులో ఏ రేటు పెడతాం?

రేటు వచ్చిన క్యాసెట్ కూడా ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. పెట్టె అడుగున 'బండలాగుడు' అని రాసి ఉంది. 90లలో తిరునాళ్లకు జరిగిన ఎడ్ల పోటీలు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు, అన్ని విభాగాలూ ఉన్నాయి. కెమెరా కదులుతూనే ఉన్నా, మైకులో జత యజమాని పేరు, ఊరు, లాగిన దూరం అడుగులు అంగుళాలతో సహా స్పష్టంగా వినపడుతోంది. ఒంగోలు గిత్త అంటే మనకు ఊరి గుర్తే గానీ, దాని వంశం పట్టించుకునేవాళ్లకు అది పెద్ద శాస్త్రం. ఇక్కడి కరవది ఊరి పేరు మోసిన గిత్త ఒకటి 1960లలో బ్రెజిల్ వెళ్లి, అక్కడి నెలోర్ మందలకు మూలపురుషుల్లో ఒకటైంది. ఏ గిత్త కొమ్ములెట్టా, మూపురమెట్టా, నడకెట్టా అని చెప్పే కదిలే బొమ్మలు ఆ రోజులవి ఎన్ని మిగిలాయి?

దీన్ని ఓఎల్‌ఎక్స్‌లో 'పాత వీహెచ్‌ఎస్' అని పెట్టి ఉంటే ఈపాటికి ఏ పాత ఇనప సామాన్ల బండి మీదో ఉండేది. పదినిమిషాల ముక్క ఫోన్లోకి ఎక్కించి, ఎడ్ల పోటీలు లైవ్ ఇచ్చే యూట్యూబ్ ఛానెల్ కుర్రాళ్లకు పంపాను. రెండు రోజుల్లో అద్దంకి వైపు నుంచి ఒకాయన ఫోన్. "ఆ ఆరు పళ్ల జత మా నాయనదండి. ఎడమపక్క గిత్త మా ఇంట్లోనే పుట్టింది. ఎంతిమ్మంటారు?" బాబాయి ఫోన్ లాక్కుని ఎంతో చెప్పాడు. ఆయన బేరం కూడా ఆడలేదు. క్యాసెట్ కూడా వద్దన్నాడు, పెన్‌డ్రైవ్ చాలన్నాడు. నేనడిగితే ఆ బొమ్మలు అందరూ చూసేలా ఛానెల్లో పెట్టుకోనిచ్చాడు.

అందుకే బాబాయి తన డెక్కు కూడా అమ్మేస్తానన్నప్పుడు నేను అడ్డం పడ్డాను. ఈ మొత్తం సామానులో గిరాకీ ఉన్నది, ఇంకా పెరిగేది దానికే. వీహెచ్‌ఎస్‌ను జపాన్‌లో జేవీసీ 1976లో తెచ్చింది. ప్రపంచంలో చివరిదాకా డెక్కులు చేసిన ఫునాయ్, అదే మన ఇళ్లలో వీసీపీగా వెలిగిన ఫునాయ్, విడిభాగాలు దొరకడం లేదని 2016 జులైలో ఆపేసింది. అంతకు ముందటేడు కూడా ఏడున్నర లక్షల డెక్కులు అమ్మిందంటే చాలామంది నమ్మరు. యునెస్కో 2019లో ఆర్కైవుల సంఘంతో కలిసి టేపుల గురించి హెచ్చరించింది, 2025 ప్రాంతానికి ఆడించే యంత్రాలు, బాగుచేసే చేతులు మామూలుగా దొరకవని. ఒంగోల్లో ఆ మాట ఎప్పుడో నిజమైంది. బెల్టు వేడికి కరిగి తారులా చేతికంటుకుంటే, దాన్ని స్పిరిట్‌తో తుడిచి కొత్త బెల్టు ఎక్కించే మెకానిక్ నాకు తెలిసి ఒక్కడే, ఆయన కూడా ఇప్పుడు ఏసీల పనిలో ఉన్నాడు. పిలిస్తే చెప్పుల్లేకుండా వచ్చేవాడు ఇప్పుడు అపాయింట్‌మెంట్ ఇస్తున్నాడు.

బాబాయి వినలేదనుకోండి. డెక్కుకు మంచి రేటు వస్తుందని నేనే చెప్పాక ఆయన్ను ఆపడం కష్టమైంది. క్యాసెట్లన్నీ ఎక్కించడం అయ్యేదాకా ఆగమన్నాను, శ్రీరామనవమి దాకా గడువిచ్చాడు.

ఈలోగా అద్దంకి ఆయన మళ్లీ ఫోన్ చేశాడు, మరుసటేడు పోటీలది ఉందా అని. వాళ్ల జత ఆ ఏడు సీనియర్లలో లాగిందట. ఉంది, చీటీ కూడా ఉంది. మళ్లీ రికార్డు చెయ్యడానికి వీల్లేకుండా వెనక విరగ్గొట్టాల్సిన ప్లాస్టిక్ పలక మాత్రం విరగ్గొట్టలేదు. తలుపెత్తి చూశాం, టేపు నిగనిగలాడుతోంది. డెక్కులో పెట్టి ప్లే నొక్కాం. రెండు నిమిషాలు బండ, దుమ్ము, జనం కేకలు. తర్వాత తెర ఒక్కసారి వణికి, షార్జా. 1998 ఏప్రిల్, ఆస్ట్రేలియా మీద ఇసుక తుపాను మ్యాచ్, సచిన్ 143 కొట్టింది. కేబుల్లో వస్తుంటే చేతికందిన క్యాసెట్ తోసి రికార్డు నొక్కింది మా బాబాయి కొడుకే.

అద్దంకి ఆయనకు సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, "పోనీలెండి, ఆ రెండు నిమిషాలన్నా పంపండి, ఏ జతో చూస్తాను" అన్నాడు. బాబాయి పక్కనుంచి, "రెండు నిమిషాలకు ఎంతడగమంటావురా?" అంటున్నాడు.