ఒక్కొక్క కాడే నాటిన తోట

డచ్చి పద్ధతి అక్వేరియంలో చేపల కంటే ముందు మొక్కలే కంటికి ఆనుతాయి. రాళ్ళు, దుంగలు పేర్చి తెచ్చే అందం కాదది. ఆకు రంగు, ఆకు తీరు, కాడ ఎత్తు, ఈ మూడింటి పొందికతోనే తొట్టె నిండుతుంది. నెదర్లాండ్స్‌లో ఈ పద్ధతి తొట్టెల పోటీలకు తొట్టెను ఎక్కడికీ మోసుకెళ్ళరు. న్యాయనిర్ణేతలే ఇంటికొచ్చి చూస్తారు.

ఈ శైలికి గుర్తుగా నిలిచింది లైడెన్ వీధి అనే మొక్కల వరస. ముందు అద్దం దగ్గర పొట్టి కాడలు, వెనక్కి పోయేకొద్దీ పొడుగు కాడలు. వరస ఏటవాలుగా సాగుతూ సన్నబడుతుంది. మూరెడు లోతు తొట్టెలో దారి ఎంతో దూరం పోతున్నట్టు కనిపిస్తుంది. నిదానంగా పెరిగే లొబీలియా కార్డినాలిస్‌ను ఇందుకు ఎక్కువగా వాడతారు. అది చెప్పిన మాట వింటుంది.

అసలు పనితనం తెలిసేది రొటాలా మాక్రాండ్రా దగ్గర. దక్షిణ భారతంలో పుట్టిన ఈ ఎర్రమొక్కకు మెత్తని నీళ్ళు, గట్టి వెలుగు, కార్బన్ డయాక్సైడ్ కావాలి. నీటిలో ఆ వాయువు గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందుకే దాన్ని విడిగా వదులుతారు, దీపాలు వెలగడానికి ముందే మొదలుపెడతారు.

నాటే ముందు కాడను కణుపుకు కాస్త కింద కోసి, అడుగు కణుపుల ఆకులు తీసేస్తారు. వేళ్ళు పుట్టేది ఆ కణుపుల నుంచే. కాడ మొదలును పొడవాటి పట్టకారుతో పట్టి ఏటవాలుగా మట్టిలోకి దించుతారు. పట్టు బిగిస్తే కాడ నలుగుతుంది, నలిగినచోట కుళ్ళుతుంది. పట్టు వదిలేటప్పుడు ఇంకా నేర్పు కావాలి. కాడలోపల గాలి గదులుంటాయి కనుక అది తేలిపోవాలనే చూస్తుంది. మట్టిలోనే కొనలను వెంట్రుకవాసి తెరిచి, మెల్లగా కదుపుతూ పట్టకారును పక్కకు లాగేస్తారు. మట్టి తనంతట తాను కాడ చుట్టూ సర్దుకుంటుంది. ఈ ఒక్క కదలికను ఎంతసేపైనా చూడగలను.

వరినాట్లలో కుదురుకు రెండు మూడు మొక్కలు పెడతాం. ఇక్కడ ఒక్కటే, అదీ వేలెడు ఎడంతో. గుంపుగా పెడితే అడుగుకు వెలుగందక ఆకులు రాలిపోతాయి. కొసల ఎరుపు ఎవరినైనా ఆకట్టుకుంటుంది, నిజమే. నా చూపు మాత్రం ముందుగా మొదళ్ళ మీదికే పోతుంది.

నర్సరీలో చాలా మొక్కల్ని నీటిపైన పెంచుతారు. అక్కడి మందపాటి ఆకులు నీళ్ళలో కరిగిపోతుంటే మొక్క చచ్చిందని పీకేసేవాళ్ళున్నారు. ఓపికున్నవాళ్ళు కొస చూస్తారు. కొత్త ఆకు పలుచగా, నీటికి తగినట్టు విచ్చుకుంటూ ఉంటుంది.

పెరిగిన కాడ కొస తుంచితే, అది అణచిపెట్టిన పక్క చిగుళ్ళు లేస్తాయి. మోడు రెండుగా చీలి గుబురవుతుంది. మాక్రాండ్రా మోళ్ళను మాత్రం అంతగా నమ్మలేం. పాత మొదళ్ళు తీసేసి, కోసిన తలలనే ముందు పొట్టివి, వెనక పొడుగువి వచ్చేలా మళ్ళీ నాటుతారు. న్యాయనిర్ణేతలు వచ్చే రోజుకు ఎంత ఎదుగుతాయో లెక్కేసి కొన్ని వారాల ముందే కత్తెర పడుతుంది. తొట్టెంతా ఒకేసారి కాదు, గుంపు తరవాత గుంపు.