రెడిచ్ బిడ్డకు దండం

బుల్లెట్టూ, నీకు దండం!

కుట్టుసూదులకు పేరుమోసిన ఊళ్ళో పుట్టినదానివి నువ్వు. ఇంగ్లండులో ఆ రెడిచ్ నుంచే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు నిన్ను తెచ్చి 1932 నవంబరులో లండన్ ఒలింపియా ప్రదర్శనలో నిలబెట్టారు. వాలుగా కూర్చున్న ఇంజను, రెండు పొగగొట్టాలు, కాలితో వేసే గేరు, ఫిరంగి ముద్ర! కొలువులు పోయి జనం అల్లాడుతున్న రోజులవి. అయినా బర్మింగ్‌హామ్‌లో బీఎస్‌ఏ, నార్టన్, ఏరియల్, వెలోసెట్, కోవెంట్రీలో ట్రయంఫ్, నాటింగ్‌హామ్‌లో బ్రఫ్ సుపీరియర్... ఎంతమంది తోబుట్టువులే నీకు!

సరిగ్గా ఆ కాలంలోనే మా చిక్కబళ్ళాపురం పక్క ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, మన దేశంలోనూ మోటారు ఫ్యాక్టరీ పెట్టి తీరాలని, డెబ్బై దాటిన వయసులో, 1935లో యూరప్, అమెరికా చుట్టి వచ్చారు. తెల్లదొరల సర్కారు చెయ్యి అందించలేదు. వాళ్ళ బళ్ళు మనం కొనాలి గాని మనం చేస్తే ఎట్లా?

యుద్ధం పోయింది, దొరలూ పోయారు. కొండల్లో సరిహద్దు కాపలాకు మన సైన్యం నిన్నే ఏరుకుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలిసింది. ఆ ఏడే పెద్దాయనకు భారతరత్న. ఈ రెంటికీ సంబంధం లేదంటారు; నేను మాత్రం కలిపే చెప్పుకుంటాను.

నిన్ను లేపాలంటే ఒడుపు కావాలి. కిక్కు మెల్లగా తొక్కుతూ అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా చూడాలి. డీకంప్రెసర్ పిడి నొక్కి, కిక్కు ఇంకాస్త దించి, పిడి వదిలి, కిక్కు పైకి రానిచ్చి, అప్పుడు ఒకే ఒక్క తన్ను. తొందరపడ్డవాడి పిక్క మీద నువ్వే తిరిగి తంతావు. లేచావా, డుగ్ డుగ్ డుగ్! బాగేపల్లి హైవే మీద ఆ చప్పుడు వింటే, బండి కనబడకముందే తల తిప్పుతారు జనం.

చింతామణి పల్లెల నుంచి శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్ళ మూటలు మోశావు. నంది కొండ మలుపుల్లో కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకుతో బెంగళూరు కుర్రాళ్ళను తికమకపెట్టావు. నిలబడ్డచోటల్లా నూనె కారుస్తావు, అదీ ఒప్పుకోవాలి.

రెడిచ్ కార్ఖానాకు 1967లో తాళం పడింది. 1970కల్లా ఇంగ్లండులో నీ ఇంటిపేరు నిలిపేవాళ్ళే లేకపోయారు. నువ్వు మాత్రం 1977లో మద్రాసులో ఓడెక్కి, పుట్టింటివాళ్ళకే అమ్ముడుపోవడానికి దర్జాగా వెళ్ళావు.