పీఠికలోని జాబితా

మొన్న మార్చిలో మా ఊరి తెలుగు సంఘం వారు మహిళా దినోత్సవానికి కవితల పోటీ పెట్టి, న్యాయనిర్ణేతల్లో నన్నూ ఒకణ్ణిగా కూర్చోబెట్టారు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సాహిత్యంలో నాకు పట్టాలేమీ లేవు. బరంపురంలో తెలుగు పుస్తకం చేతపట్టుకుని కనిపించే నలుగురిలో ఒకణ్ణి కావడమే నా అర్హత. పోటీకి ఇచ్చిన విషయం ‘స్త్రీలపై హింస - మారవలసిన సమాజం’. వచ్చిన కవితలు 43.

వృత్తిధర్మం చొప్పున ముందు వాటిని కట్టలుగా విడదీశాను. నేరస్థుణ్ణి ఉరితీయమన్నవి 27. నడివీధిలో కాల్చెయ్యమన్నవి 6. మొత్తం 33. మిగిలిన పదింటి సంగతి తరవాత చెబుతాను.

ఆ 33 మంది కోపాన్ని నేను శంకించను. 2012 డిసెంబరులో ఢిల్లీ, 2019 నవంబరులో హైదరాబాదు శివార్లు, 2024 ఆగస్టులో కలకత్తా వైద్య కళాశాల - ఈ మూడు ఘోరాల తరవాతా జనం వీధుల్లోకి వచ్చారు, రావలసిందే. అయితే కవితలన్నీ ఒక్కచోట పెట్టుకు చదివేసరికి నాకొక సందేహం పట్టుకుంది. వీటన్నిటిలోనూ దుర్మార్గుడు రాక్షసుడో, తోడేలో, కీచకుడో. అతనికి ఊరు లేదు, ఉద్యోగం లేదు, అమ్మానాన్నలు లేరు. ముఖ్యంగా ఇల్లు లేదు. చీకట్లోంచి వస్తాడు, ఉరికంబం మీదికి పోతాడు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 29 మంది భర్త చేతిలో హింస అనుభవించినవాళ్ళే. ఆ భర్త ఈ 33 కవితల్లో ఒక్క దాంట్లోనైనా కనబడడు.

ఈ ఇబ్బందికి జవాబు వెతుక్కుంటూ మళ్ళీ ‘కన్యాశుల్కం’ దగ్గరికి వెళ్ళాను. మా ప్రాంతం వాళ్ళకి ఆ నాటకం పరాయిది కాదు. 1936లో ఒరిస్సా ఏర్పడే దాకా మా గంజాం, గురజాడ వారి విశాఖపట్నం పక్కపక్క జిల్లాలు. ఆ నాటకంలో మాటలు కొన్ని మా అమ్మ నోట విన్నవే. అయినా ఈసారి నాటకం దగ్గర కాక, 1897 నాటి మొదటి ముద్రణకు గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న పీఠిక దగ్గర ఆగిపోయాను. చాలామంది ఆ పేజీలు తిప్పేసి నాటకంలోకి పోతారు. నేనూ ముప్ఫయ్యేళ్ళు అలాగే తిప్పేశాను.

ఆ పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాలకు జాబితా తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1,034. వాటిలో పెళ్ళికూతురి వయస్సు అయిదేళ్ళున్నవి 99, నాలుగేళ్ళున్నవి 44, మూడేళ్ళున్నవి 36, రెండేళ్ళున్నవి 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల మూడు వందల యాభై నుంచి నాలుగు వందల రూపాయలు. తల్లి కడుపులో ఉన్న పిల్లకు కూడా బేరాలు కుదిరేవని గురజాడ రాశారు.

నేను కూడి చూసుకున్నాను. అయిదేళ్ళు, ఆ లోపు పిల్లలు 188 మంది. నూటికి పద్ధెనిమిది. ఏడాదికి సగటు 344 పెళ్ళిళ్ళని పీఠిక చెబుతుంది. మూడుతో హెచ్చవేస్తే 1,032 వస్తుంది. భిన్నం వదిలేయడంలో ఇద్దరు పిల్లలు లెక్కలోంచి జారిపోయారు. ఇది గురజాడ మీద ఫిర్యాదు కాదు. సగటు తీసిన చోటల్లా జరిగేదే, మా శాఖల్లోనూ రోజూ జరిగేదే. కాని ఆ ఇద్దరూ నన్ను వదిలిపెట్టలేదు.

జాబితా పూర్తి కాదనీ, పిల్లకు డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడలేదనీ గురజాడే చెప్పారు. పుచ్చుకోవడానికి లేని సిగ్గు చెప్పుకోవడానికి వచ్చిందన్న మాట. ఇది చదవగానే నాకు మా కౌంటరు గుర్తుకొచ్చింది. కూతురి పేర వేసిన ఫిక్సెడ్ డిపాజిట్‌ను గడువు తీరక ముందే రద్దు చేయించడానికి ఏటా మాఘం, ఫాల్గుణం నెలల్లో తండ్రులు వస్తారు. మాటల్లో ఎప్పుడైనా కారణం అడిగితే ‘ఇంటి అవసరం’ అంటారు. కట్నమని ఈ ముప్ఫయ్యేళ్ళలో ఒక్కరూ నాతో అనలేదు. అందుకు తగినట్టు నేనూ రెండో ప్రశ్న అడగలేదు. మా ఒడియా ఇరుగుపొరుగులు దీన్ని జౌతుక అంటారు. ఏ భాషలోనైనా ఏ కాగితం మీదా ఆ మాట పడదు.

మన విమర్శకులు నూరేళ్ళుగా గిరీశం ఎలాంటివాడు, మధురవాణి ఎంత గొప్పది అన్న రెండు ప్రశ్నల చుట్టూ తిరిగారు. తప్పు లేదు, అవి తిరగదగ్గ పాత్రలే. కాని నాలాంటివాడి కంటికి ఆ నాటకం మొత్తం ఒక వ్యాపారపు చిట్టా. అగ్నిహోత్రావధానులు సుబ్బిని లుబ్ధావధానులకు ఇవ్వడానికి ఒప్పుకున్న ధర పద్ధెనిమిది వందలు. కరటకశాస్త్రి గుంటూరు శాస్త్రి వేషం కట్టి అదే సరుకును పన్నెండు వందలకు చూపించేసరికి లుబ్ధావధానులు అటు తిరిగిపోయాడు. మధ్యలో రామప్పంతులు లాంటి దళారీ, ముహూర్తానికి సిద్ధాంతి, మధురవాణి కంటె మీద తగువు. బుచ్చమ్మను ఇదివరకే ఒక ముసలివాడికి అమ్మేశారు, ఆమె విధవరాలయి పుట్టింటికి వచ్చింది. వీళ్ళలో ఒక్కడూ రాక్షసుడు కాడు. అందరూ మర్యాదస్థులే, సంధ్య వార్చేవాళ్ళే. గురజాడ గొప్పదనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆయన హింసకు చిరునామా ఇచ్చాడు.

అయితే నాకు ఆయనతో ఒక పేచీ కూడా ఉంది. లుబ్ధావధానుల పక్కన పీటల మీద కూర్చున్నది ఆడపిల్ల కాదు, కరటకశాస్త్రి శిష్యుడు. ఆడవేషంలో ఉన్న మగకుర్రాడు. అందుకే మనం పగలబడి నవ్వగలుగుతున్నాం. ఆ పీట మీద నిజంగా సుబ్బి కూర్చుని ఉంటే ఒక్క ప్రేక్షకుడైనా నవ్వగలడా? ఎవరి కోసం ఇంత తంతు జరిగిందో ఆ సుబ్బికి నాటకంలో చెప్పుకోదగ్గ మాటే లేదు. మాట్లాడేది తల్లి వెంకమ్మ, పథకం వేసేది మేనమామ. అంటే పిల్లను పీట మీంచి తప్పించి, ఆ ఖాళీలో గురజాడ హాస్యాన్ని కూర్చోబెట్టారు. పిల్ల పీట మీదే ఉండిపోతే ఏమవుతుందో ఆయనకు తెలియక కాదు. ‘పూర్ణమ్మ’ రాసింది ఆయనే కదా. అక్కడ నవ్వు లేదు, చెరువు ఉంది. రంగస్థలం మీద నవ్వుకుని, గేయం దగ్గర కన్నీళ్ళు పెట్టుకుని, ఈ రెండూ ఒకే సంగతి అని తెలుగువాళ్ళం ఎప్పుడూ కలిపి చూసుకోలేదేమో అనిపిస్తుంది.

బుచ్చమ్మ సంగతి ఇంకోటి. చివరికి ఆమెను పూనాలో వితంతు శరణాలయానికి పంపుతారు. పండిత రమాబాయి శారదాసదన్ 1890లో బొంబాయి నుంచి పూనాకు మారింది, కార్వే ఆశ్రమం 1896లో మొదలైంది. తెలుగు నాటకంలో తెలుగు పిల్లకు దొరికిన దిక్కు మరాఠీ దేశంలో ఉందన్న మాట. ఈ పత్రిక చదివే షోలాపూరు, పూనా తెలుగువాళ్ళు దీన్ని ఎలా చూస్తారో తెలుసుకోవాలని ఉంది. రామప్పంతులు మాటలు నమ్మిన మీనాక్షికి మాత్రం పూనా కూడా లేదు.

ఇక గిరీశం. సంస్కరణ మీద ఉపన్యాసం దంచేది నాటకంలో అతనే. వితంతు వివాహం గురించి అంత వాక్చాతుర్యం మరొకరికి లేదు. అతను చెప్పిన మాటల్లో తప్పు వెతకడం కష్టం, చెప్పడంలోనే ఉంది తిరకాసు. 27 ఉరికవితలు చదువుతూంటే నాకు అక్కడక్కడా ఆ కంఠం వినిపించింది. ఎవరినో వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. 2019 డిసెంబరు 6 పొద్దున హైదరాబాదులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చేశారని వార్త వచ్చిన రోజు, మేమున్న చోట ఎవరో లడ్డూలు పంచారు. నేను తిన్నాను. రెండోది కూడా తీసుకున్నాను. ఆ కాల్పులు చంపే ఉద్దేశంతో జరిపినవేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చిందని 2022లో పేపర్లో చదివినప్పుడు ఆ రెండో లడ్డూ గుర్తుకొచ్చింది.

గురజాడ కాలంలో మద్రాసు శాసనమండలిలో కన్యాశుల్కం మీద చట్టం తేవాలన్న ప్రయత్నం సాగలేదు. మన కాలంలో చట్టాలు సాగాయి. వరకట్న నిషేధ చట్టం 1961లో, భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద 498-ఎ 1983లో, వరకట్న మరణాల మీద 304-బి 1986లో వచ్చాయి. డబ్బు పోయే దిక్కు మారింది, పద్దులో జమ ఖర్చు, ఖర్చు జమ అయ్యాయి. పిల్ల మాత్రం అదే వరసలో ఉంది. ఏడాదికి ఆరువేలకు పైగా వరకట్న మరణాలు ఇప్పటికీ నమోదవుతున్నాయి. పుచ్చుకున్నామని ఎవరూ ఒప్పుకోరు కనక ఈ జాబితా కూడా పూర్తి కాదు.

జనం అడిగినదానికి ఏమవుతుందో చెప్పడానికి 2013ను మించిన ఉదాహరణ లేదు. జస్టిస్ వర్మ కమిటీకి దాదాపు 80,000 సూచనలు వచ్చాయి. కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. అత్యాచారానికి మరణశిక్ష వద్దంది. పెళ్ళి పేరుతో భర్తకు ఉన్న మినహాయింపు తీసెయ్యమంది. ప్రభుత్వం ఏం చేసింది? వద్దన్న ఉరిని కొన్ని నేరాలకు చేర్చింది, తీసెయ్యమన్న మినహాయింపును ఉంచింది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలోనూ అది అలాగే ఉంది. వీధిలో నేరానికి ఉరి, ఇంట్లో నేరానికి తలుపు. మన కవులు కూడా తెలియకుండానే ఈ పక్షమే వహించారు.

మరో రకం రాత కూడా తెలుగులో లేకపోలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు వయోజనుల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం పెట్టారు. తాగుడు వల్ల చితికిన ఇంటి కథ. దాన్ని ఏ విమర్శకుడూ సమీక్షించగా నేను చూడలేదు. అది చదివిన దూబగుంట ఆడవాళ్ళు తమ ఊరి సారా దుకాణం మూయించారు. వాళ్ళు మాట్లాడింది రాక్షసుల గురించి కాదు, తమ మొగుళ్ళ గురించి, కూలి డబ్బుల గురించి. కూలిలో ఎంత దుకాణానికి పోతోంది, ఎంత ఇంటికొస్తోంది, రాత్రి తన్నులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. సడలిందని ఆ పాఠం విలువ తగ్గదు. ఒక వాచకం పాఠానికి ఇంత పాఠక స్పందన వచ్చిన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు.

డిపాజిట్ల మాట ఎత్తాను కనక ఒకటి చెప్పాలి. అలా రద్దయిన ఒక డిపాజిట్ తాలూకు అమ్మాయి పెళ్ళయిన ఎనిమిది నెలలకు ఒంటరిగా మా కౌంటరుకు వచ్చింది. మండుటెండలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు. కొత్త ఖాతా కావాలంది. ఫారం నింపాక గొంతు తగ్గించి, “మెసేజీలు పాత నంబరుకు వెళ్ళవు కదా సార్? ఆ ఫోను ఆయన దగ్గరుంటుంది” అని అడిగింది. వెళ్ళవమ్మా అన్నాను. అంతకు మించి నేనేమీ అడగలేదు. వాళ్ళ నాన్న డిపాజిట్ రద్దు కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణి నేనే.

ఇప్పుడు మిగిలిన ఆ పది కవితలు. అందులో ఒకదానికి నేను అందరికంటె ఎక్కువ మార్కులు వేశాను. రాసినామె పేరు అప్పటికి మాకు తెలియదు, అంకె మాత్రమే ఇచ్చారు. కాగితాన్ని నిలువునా రెండుగా విభజించి, ఎడమవైపు పెళ్ళినాడు పుట్టింటివారు పంపిన సామాను, కుడివైపు మూడేళ్ళ తరవాత పోలీసుల సమక్షంలో తిరిగి తెచ్చుకున్న సామాను రాసింది. బీరువా, మంచం, మిక్సీ, ఇత్తడి బిందె. ఎడమవైపు ఉన్నవి కుడివైపు కొన్ని లేవు. కుడివైపు ఆస్పత్రి చీటీలు ఉన్నాయి, అవి ఎడమవైపు లేవు. విశేషణం ఒక్కటి లేదు. పద్దులు చూసేవాణ్ణి కనక నాకు పక్షపాతం ఉందేమో, కాదనను.

తోటి న్యాయనిర్ణేత, తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైన పెద్దాయన, దాన్ని పక్కన పెట్టేశారు. “ఇది కవిత్వం కాదండీ, సామాన్ల జాబితా” అన్నారు. గురజాడ పీఠిక ఆయనకు చూపించాను. అది పీఠిక కదా, నాటకం కాదు కదా అన్నారు. అరగంట వాదించుకున్నాం. మూడో బహుమతితో సరిపెట్టాం. మొదటి బహుమతి ఉరికంబం మీద రాసిన కవితకు వెళ్ళింది. బహుమతి ప్రదానం రోజు దాన్ని సభలో చదివినప్పుడు చప్పట్లు చాలాసేపు మోగాయి. మూడో బహుమతి పుచ్చుకోవడానికి ఎవరూ రాలేదు. కవరు ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.