వేలితో పెట్టిన తేనెపట్టు

పుస్తకం మీద విమర్శ రాస్తారు, సినిమా మీద రాస్తారు. పిల్లలాడే కంప్యూటర్ ఆట మీద విమర్శేమిటి, ఈవిడకు చాదస్తం కాకపోతే – అనుకుంటున్నారు గదూ? నేనూ అలాగే అనుకునేదాన్ని, మొన్న వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చేదాకా.

“అమ్మమ్మా, ఇందులో ఎవర్నీ కాల్చక్కర్లేదు. పాడైపోయిన నేలని బాగుచెయ్యడమే. నువ్వూ ఆడు” అంటూ లాప్‌టాప్ నా ముందు పెట్టింది. వంటిల్లు సర్దుకుని కూచున్నానా, తలెత్తి చూసేసరికి కాఫీవేళ దాటిపోయి దీపాలవేళయింది!

ఆట పేరు టెరా నిల్. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఫ్రీ లైవ్స్ అనే సంస్థవారు తయారుచేశారు. 2023 మార్చిలో విడుదలైంది. ఇదే సంస్థ 2015లో బ్రోఫోర్స్ అనే ఆట చేసింది. అందులో తుపాకులూ బాంబులే, కనబడ్డదల్లా పేల్చెయ్యడమే. ఆ చేతులే ఈ ఆటనూ చేశాయంటే మనుషుల మీద కాస్త నమ్మకం కలుగుతుంది. పైగా అమ్మకాల లాభంలో కొంత ఆ దేశంలోనే వున్న ఎండేంజర్డ్ వైల్డ్‌లైఫ్ ట్రస్టుకు ఇస్తామని చెప్పారు.

ఈ తరహా ఆటల్లో మామూలుగా వూళ్ళు కట్టాలి. రోడ్లు, ఫాక్టరీలు, ఇంకా ఇంకా ఇళ్ళు. ఇక్కడ అంతా తలకిందులు. మొదట కనిపించేది బూడిదరంగు బీడు. రాతి మీద గాలిమర పెడితే కరెంటు వస్తుంది. ఒక యంత్రం మట్టిలో విషం తీస్తుంది, మరొకటి నీళ్ళు చల్లుతుంది. గడ్డి మొలుస్తుంది. ఎండిన యేటిలో నీళ్ళు పారతాయి. చెట్టు చూసుకుని దానిమీద తేనెపట్టు పెడితే, చుట్టూ వున్న వొట్టి పచ్చిక కాస్తా పూలపొదలైపోతుంది! ఆ పొదలకు ఫైన్‌బోస్ అని పేరు. అవి కేప్ ప్రాంతానికే ప్రత్యేకం. వాటిలో చాలావాటికి అప్పుడప్పుడూ నిప్పంటుకుంటేగాని విత్తనాలు మొలవవు. అందుకే కాబోలు, ఆటలోనూ వొకచోట మనమే పచ్చికకు నిప్పు పెట్టాలి. ఆ బూడిదలోంచి అడవి లేస్తుంది.

అసలు గొప్పతనం చివర్లో వుంది. నేలంతా పచ్చబడింది, జంతువులు వచ్చాయి, ఇక గెలిచేశామనుకుంటాం. కాదు. మనం పెట్టిన గాలిమరలూ యంత్రాలూ వొక్కొక్కటే విప్పి, అన్నీ ఎత్తుకుని అక్కణ్ణించి వెళ్ళిపోవాలి. పెళ్ళయ్యాక పందిరి విప్పి, గుంజలు పాతిన గుంటలు కూడా పూడ్చి వెళ్ళినట్టు. బాగుచేసినవాడికి అక్కడ వుండిపోయే హక్కు లేదు అని మాటల్లో చెప్పకుండా చేతులతో చేయించిన ఆట ఇది. దీనికి నేను నూటికి నూరు మార్కులూ వేస్తాను.

ఇక లోపాలు. మొదటిది తేనెటీగే. ఆటలో తేనెపట్టు మన హాల్లో ట్యూబ్‌లైటు లాంటిది, పెట్టామంటే పనిచేస్తుంది. అలిగి లేచిపోదు, కుట్టదు. పైగా పూలన్నీ తేనెటీగ పుణ్యమే అన్నట్టు కనిపిస్తుంది. మన వంకాయనే చూడండి. ఆ పువ్వులో పుప్పొడి చిల్లుల మూత వున్న డబ్బాలో పొడిలా వుంటుంది. పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరించాలి, అప్పుడే బాగా రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు; పెరట్లో తిరిగే నల్ల తుమ్మెదకు వచ్చు. తుమ్మెద మనకు తేనె ఇవ్వదు కనక దాన్ని ఆట మరిచిపోయింది. మనమూ అంతే అనుకోండి.

రెండో లోపం పెద్దది. ఆ నేలమీద మనుషులే లేరు. తేనెపట్టు పెడుతుంటే “ఇక్కడొద్దండీ” అనే పక్కింటావిడ లేదు.

ఈ మాట వూరికే అనడం లేదు. నిరుడు మా అపార్టుమెంటు నీళ్ళ టాంకుకు పెద్ద తేనెపట్టు పట్టింది. కొండల్లో, ఎత్తయిన కట్టడాల మీద పట్టే జాతి అది. పెట్టెల్లో పెంచడానికి లొంగదు. నాలుగో అంతస్తు పిల్లవాణ్ణి కుట్టాయి, మొహం వాచిపోయింది. వాళ్ళమ్మ ఏడుపు చూడలేకపోయాం. అసోసియేషన్‌వారు కాగితం తిప్పారు, అందరితోపాటు నేనూ సంతకం పెట్టాను. రాత్రి ఎవరో వచ్చి మంటపెట్టి పోయారు. తెల్లారి మా బాల్కనీ నిండా ఈగలే. చీపురుతో వూడ్చి చెత్తబుట్టలో పోశాను. కొన్ని ఇంకా కదులుతున్నాయి. పూలకాలం అయిపోతే ఆ జాతి ఈగలు వాటంతటవే లేచిపోతాయనీ, తరచు అదే చోటికి తిరిగి వస్తాయనీ తర్వాత చదివి తెలుసుకున్నాను.

“అమ్మమ్మా, మన టాంకు మీద కూడా వుండేదటగా, ఏమైంది?” అని మనవరాలు ఆట మధ్యలో అడిగింది. చెప్పాను.

“నువ్వు వద్దనలేదా?” అంది, తెరమీంచి చూపు తిప్పకుండానే.

ఆమాటకు నా దగ్గర జవాబు లేదు. ఆటలో నేను నాలుగు లోకాలు పచ్చగా చేసినా దానికి జవాబు కాదు.

కనక, ముందు ముందు తేనెటీగల మీద ఆట తయారుచేసేవారికి నాదొక మనవి. అందులో వొక అసోసియేషన్ మీటింగు పెట్టండి. మొహం వాచిన పిల్లవాణ్ణీ, వాడి తల్లినీ పెట్టండి. ఆవిడది తప్పని తేల్చకండి, ఎందుకంటే తప్పు కాదు. ఆవిడ బిడ్డా వుండాలి, ఈగలూ వుండాలి, ఎలాగో ఆలోచించమనండి. “ఇది మనసు తేలికపడేందుకు ఆడే ఆటండీ, ఇందులో ఈ తగవులెందుకు?” అంటారేమో. నిజమే. కాని మనసు తేలికపడ్డాక చెయ్యవలసిన పని వొకటి మిగిలిపోతుందే!

అంతమాత్రాన ఆట వద్దనను. పిల్లల్ని ఆడనివ్వండి. పక్కన మీరూ కూచోండి.

మొన్న లిఫ్టు దగ్గర సెక్రటరీగారు కనిపిస్తే, ఈసారి అలాంటి కాగితం వస్తే సంతకం పెట్టను, ముందు మీటింగు పెట్టండని చెప్పాను. ఆయన నవ్వి, “ఈగలే రాలేదు గదమ్మా, ఇప్పుడెందుకా మాట?” అన్నారు.

నిజమే. ఇంకా రాలేదు.