పని రోజులు తేలాకే బండి బేరం

బ్రిటన్‌లో అరవై దగ్గరపడుతున్న దంపతులు ఉద్యోగాన్ని వారానికి మూడు రోజులకు తగ్గించుకుందామని అనుకుంటే, ఆ మాట ఎంతో కాలం గడవకుండానే కారవాన్ దగ్గరికి చేరుతుంది. కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే ఆ చిన్న ఇల్లు అక్కడి మధ్యతరగతికి విశ్రాంతి జీవితపు ముచ్చట. పాతిక ముప్ఫై ఏళ్ల కిందట అక్కడికి వెళ్లి స్థిరపడ్డ తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు సరిగ్గా ఇప్పుడు ఆ వయసుకొచ్చారు. ఎంత పొడుగుది కొనాలి, కొత్తదా పాతదా, మన కారు దాన్ని లాగగలదా అంటూ మాటలన్నీ బండి చుట్టూనే తిరుగుతాయి. నాకిది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. ముందు తేలాల్సింది వారంలో ఏయే రోజులు పనిచేస్తామన్నది. ఖాళీ రోజులు ఒకచోట కూడితే ఖరీదైన బండి కూడా గిట్టుబాటవుతుంది. చెదిరిపోతే చవగ్గా దొరికింది కూడా మెడకు గుదిబండే.

విహారం కోసం కారవాన్ కట్టించుకున్నవాళ్లలో మొదటివాడిగా బ్రిటన్‌వాళ్లు గోర్డన్ స్టేబుల్స్‌ను చెప్పుకుంటారు. నౌకాదళంలో డాక్టరుగా చేసి, ఆరోగ్యం సహకరించక బయటికొచ్చి, పిల్లల కోసం సాహస కథలు రాసుకుంటూ బతికిన మనిషి. 1885లో బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్‌ వాళ్ల చేత ‘వాండరర్’ అనే గుర్రబ్బండి చేయించుకుని, బెర్క్‌షైర్‌లోని ట్వైఫర్డ్ నుంచి స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్ దాకా వెళ్లాడు. ఆ ప్రయాణం మీదే పుస్తకమూ రాశాడు. అంటే ఆయన పని కూడా బండిలోనే ప్రయాణించింది. ఇవాళ సగం ఉద్యోగం చేసేవారిలో ఎక్కువమందికి ఆ సుఖం లేదు. వార్డు, క్లినిక్కు, క్లాసురూము ఉన్నచోటే ఉంటాయి, ఫలానా రోజు రమ్మంటాయి. ఇంటి నుంచే కంప్యూటర్ పని చేసేవాళ్లు తాము స్టేబుల్స్ వారసులమని అనుకోవచ్చు గానీ, కొండల మధ్య కారవాన్లు నిలిపే సైటులో ఇంటర్నెట్ సిగ్నల్‌ను నమ్ముకుని పొద్దున తొమ్మిది గంటల మీటింగుకు ఒప్పుకోవడం అంత తెలివైన పనేమీ కాదు.

ఖర్చును ఒక ఊహా లెక్కలో చూద్దాం. ఓ మోస్తరు పాత బండిని 18,000 పౌండ్లకు కొని, ఎనిమిదేళ్ల తర్వాత 8,000కు అమ్మామనుకుంటే, ఏడాదికి 1,250 పౌండ్లు తరుగుదల కింద పోయినట్టే. ఇంటి ముందు చోటు లేక స్టోరేజీ యార్డులో పెడితే 600, ఇన్సూరెన్సు 300, ఏటా చేయించే సర్వీసుకూ చెమ్మ పట్టిందేమో చూసే పరీక్షకూ కలిపి 300, టైర్లు, బ్యాటరీ, గ్యాసు లాంటివాటికి సగటున 200 వేసుకుందాం. మొత్తం 2,650. బండి గేటు దాటకముందే అయ్యే ఖర్చిది. ఏడాదికి 20 రాత్రులు వాడితే రాత్రికి 132 పౌండ్లు దాటుతుంది. 70 రాత్రులు వాడితే 38 లోపే. సైటు అద్దె, పెట్రోలు దీనికి అదనం. ఈ అంకెలు ఒక్కో ఇంటికి ఒక్కోలా మారతాయి, కానీ రాత్రుల సంఖ్య తప్ప ఇంకేదీ ఫలితాన్ని ఇంతగా మార్చలేదు. బేరమాడి ధరలో రెండు వేలు తగ్గించుకున్నా, ఎనిమిదేళ్ల మీద పంచితే ఏడాదికి మిగిలేది 250. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, యార్డులో నిలబడ్డ కారవాన్ కూడా తిరిగే కారవాన్ అంతే తింటుంది. టైర్లనైతే అరిగినా అరగకపోయినా ఐదు నుంచి ఏడేళ్లలో మార్చమనే అంటారు. లాక్కెళ్లే కారవాన్‌కు రోడ్డు పన్ను, ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష లేకపోవడం ఒక్కటే ఊరట.

మరి 70 రాత్రులు ఎక్కడి నుంచి వస్తాయి? ఇద్దరు ఉద్యోగులను తీసుకుందాం. ఇద్దరిదీ వారానికి మూడు రోజుల పనే, ఇద్దరికీ ఒకటే జీతం. మొదటివారు సోమ, బుధ, శుక్రవారాలు ఒప్పుకున్నారు. ఒక రోజు పని, ఒక రోజు విశ్రాంతి అని వినడానికి హాయిగా ఉంటుంది. కానీ వారానికి దక్కే నాలుగు ఖాళీ రోజుల్లో మంగళ, గురువారాలు దేనికీ అతకవు. మిగిలేది అందరికీ ఉండే శని, ఆదివారాలే. రెండోవారు ఒక వారం సోమ, మంగళ, బుధ, మరుసటి వారం బుధ, గురు, శుక్ర అని మాట్లాడుకున్నారు. ఒక్క సెలవు కూడా వాడకుండా ప్రతి రెండు వారాలకోసారి గురువారం నుంచి మరుసటి మంగళవారం దాకా ఆరు రోజులు, ఐదు రాత్రులు చేతికొస్తాయి. మూడు రోజుల సెలవు పెట్టి ఒక వారం పనిని వదులుకుంటే పదకొండు రోజులు, పది రాత్రులు. మొదటివారు అదే మూడు రోజుల సెలవు పెడితే వచ్చేది తొమ్మిది రోజులు, ఎనిమిది రాత్రులే. బ్రిటన్ చట్టం ప్రకారం కనీస వార్షిక సెలవు 5.6 వారాలు, అంటే మూడు రోజుల ఉద్యోగికి 16.8 రోజులు. బ్యాంకు హాలిడేలను యజమాని అందులోనే కలపొచ్చు కనుక 12 రోజులే మన చేతిలో ఉన్నాయనుకుందాం. రెండోవారు నాలుగు విడతల సెలవుతో 40 రాత్రులు, సెలవు లేని ఐదేసి రాత్రుల ప్రయాణాలు ఆరింటితో 30 రాత్రులు, మొత్తం 70కి చేరతారు. మొదటివారు 32 దగ్గరే ఆగి, ఆపైన రెండేసి రాత్రుల శని, ఆదివారాలతో సరిపెట్టుకోవాలి. రెండు రాత్రుల కోసం కారవాన్ కదిలించడమంత దండగ మరొకటి లేదు. యార్డు నుంచి తేవాలి, నీళ్లు నింపాలి, మోటర్‌వే మీద గంటకు 60 మైళ్లు, మామూలు రోడ్ల మీద 50 మైళ్లు దాటకుండా నడపాలి, సైటుకు చేరాక నేల చూసి బండిని సమంగా నిలబెట్టాలి, మర్నాడు ఒక్కరోజు గడిపి ఆ మరుసటి పూట మళ్లీ అన్నీ సర్దాలి.

కనుక యజమానితో జరిగే సంభాషణే కారవాన్ కొనుగోలులో అసలు బేరం. 2024 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలో ఉద్యోగంలో చేరిన తొలి రోజు నుంచే పనివేళల మార్పు అడిగే హక్కు ఉంది. ఒప్పుకుని తీరాలని లేదు, కానీ కారణం చెప్పకుండా కొట్టిపారేయడానికి వీల్లేదు. ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉన్న తెలుగు డాక్టర్లు, నర్సులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. 2023 అక్టోబర్ 1 నుంచి అక్కడి 1995 విభాగపు పెన్షన్‌లో ఉన్నవారు కూడా పాక్షిక విరమణ తీసుకోవచ్చు. పెన్షన్‌కు లెక్కేసే జీతం కనీసం పది శాతం తగ్గించుకుంటే, కూడబెట్టిన పెన్షన్‌లో 20 శాతం నుంచి మొత్తం దాకా తీసుకుంటూనే ఉద్యోగంలో కొనసాగొచ్చు. పది శాతమే కదా అని వారానికి ఒక పూట తగ్గించుకుంటే శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ దొరుకుతుంది, కారవాన్‌కు అది ఎందుకూ కొరగాదు. అదే పది శాతాన్ని పనిగంటల వార్షిక లెక్క కింద పోగేసి అడిగితే దాదాపు ఐదు వారాలు. దంపతులిద్దరూ ఉద్యోగాల్లో ఉంటే లెక్క ఇంకా కఠినం. ఆయనకు గురువారం ఖాళీ, ఆమెకు సోమవారం ఖాళీ అయితే ఇద్దరికీ కలిసొచ్చేవి మళ్లీ శని, ఆదివారాలే. ఇద్దరి రోస్టర్లూ పక్కపక్కన పెట్టి కలిసిన రోజులను మాత్రమే లెక్కించాలి. చాలా ఇళ్లలో ఈ పని చేయకుండానే అడ్వాన్సు కట్టేస్తారనుకుంటాను.

సగం ఉద్యోగికి ఉన్న నిజమైన బలం బడి క్యాలెండరుకు కట్టుబడకపోవడం. ఇంగ్లండ్‌లో బడులకు జూలై చివరి నుంచి సెప్టెంబర్ మొదటి దాకా సెలవులు. అప్పుడు కార్న్‌వాల్ తీరంలో సైటు దొరకడమే కష్టం, అద్దె కూడా పైనే ఉంటుంది. స్కాట్లాండ్ బడులు జూన్ చివర్లో మూసి ఆగస్టు మధ్యకే తెరుస్తాయి. ఆగస్టు బ్యాంకు హాలిడే కూడా అక్కడ మొదటి సోమవారం, ఇంగ్లండ్‌లో చివరి సోమవారం. ఆగస్టు చివర్లో ఇంగ్లండ్ జనమంతా దక్షిణ తీరాలకు దిగుతుంటే ఉత్తరానికి బండి తిప్పడం నాకు నచ్చే ఎత్తు. హైలాండ్స్‌లో మిడ్జిలనే సన్నదోమలు అప్పటికింకా ఉంటాయి, తల మీద వల వేసుకుని టీ తాగడానికి సిద్ధపడాలి. పెద్ద సైట్లతోపాటు, 1960 నాటి చట్టం ఇచ్చిన మినహాయింపుతో ఐదు కారవాన్లకు మాత్రమే చోటిచ్చే చిన్న సైట్లు కూడా ఉన్నాయి. కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ లాంటి సంఘాలు వాటికి ధ్రువపత్రం ఇస్తాయి. ఎక్కువగా రైతుల పొలాల్లో ఉండే వీటిలో వసతులు తక్కువ, అద్దె కూడా తక్కువే. ఒక్క నీటి కుళాయి, మురుగు పారబోసే చోటు ఉంటే చాలనుకునేవారికి ఇవి వరం.

ఇక డబ్బు ఎక్కడి నుంచి తీయాలన్నది. సొంత ఖాతాలో పోగైన పెన్షన్ నుంచి ఇప్పుడు 55 ఏళ్లకు, 2028 ఏప్రిల్ 6 తర్వాత 57 ఏళ్లకు తీసుకోవచ్చు, అందులో సాధారణంగా పావు వంతుకు పన్ను లేదు. బండి కోసం ఒకేసారి 40,000 పౌండ్లు లాగేస్తే 10,000కు పన్ను ఉండదు, మిగిలిన 30,000 ఆ ఏటి జీతానికి తోడవుతుంది. జీతం 28,000 ఉంటే మొత్తం 58,000. ఇంగ్లండ్‌లో 50,270 దాటిన భాగానికి 40 శాతం పన్ను. మొదటిసారి తీసినప్పుడు తాత్కాలిక పన్ను కోడ్ ప్రకారం ఎక్కువ పన్ను కోసి, తర్వాత అడిగి తెచ్చుకోమనడం కూడా మామూలే. అంతకంటే ఇబ్బంది ఇంకోటి ఉంది. పన్ను పడే భాగాన్ని ఇలా ఒకసారి ముట్టుకుంటే, ఆ తర్వాత ఇలాంటి పెన్షన్ ఖాతాల్లో పన్ను రాయితీతో వేసుకోగలిగేది ఏడాదికి 60,000 నుంచి 10,000 పౌండ్లకు పడిపోతుంది. పని పూర్తిగా మానేసినవారికి అది పట్టదు, కానీ సగం ఉద్యోగి ఇంకా సంపాదిస్తున్నాడు, యజమాని ఇంకా జమ చేస్తున్నాడు. పన్ను లేని పావు వంతును మాత్రమే తీసుకుని మిగతాదాన్ని కదపకుండా ఉంచితే ఆ పరిమితి అంటుకోదు. 18,000 పౌండ్ల బండికి 72,000 పెన్షన్‌ను ఆ పద్ధతిలోకి మార్చాలి. అంత లేనివారు చిన్న బండి చూసుకోవడమో, ఏప్రిల్ 5తో ముగిసే పన్ను సంవత్సరానికి అటూ ఇటూ రెండు భాగాలుగా తీసుకోవడమో చేయాలి.

ఇంత తంటా ఎందుకు, అద్దె కాటేజీలో దిగితే పోదా అని అడిగేవారి మాటలో నిజముంది. ఏడాదికి పాతిక రాత్రులు దాటనివారికి అదే మేలు, వాళ్లకు కారవాన్ అమ్మేవాడు అమ్మేది ఒక కల. అయితే మే, జూన్, సెప్టెంబర్లలో విడతకు పది రాత్రుల చొప్పున కాటేజీలు తీసుకుంటూ పోతే ఆ ఖర్చు రాత్రులతోపాటే పెరుగుతుంది, కారవాన్‌లో రాత్రికి పడే భారం తగ్గుతుంది. పప్పు, అన్నం, పెరుగు మన చేతి వంటే తినాలనుకునేవారికి సొంత పొయ్యి విలువ వేరే చెప్పక్కర్లేదు. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఉద్యోగం పూర్తిగా వదిలేసి తిరగొచ్చు కదా అన్నది రెండో అభ్యంతరం. ఆరోగ్యం గురించి ఆ భయం న్యాయమైనదే, జబ్బు పడ్డవారి విషయంలో నేను వాదించను. మిగతావారికి మాత్రం ప్రభుత్వ పెన్షన్ వయసు 66 నుంచి 2028 నాటికి 67కు చేరుతుంది. అరవైకే మానేస్తే మధ్యలో ఆరేడేళ్లు పూర్తిగా దాచుకున్నదే తినాలి, మార్కెట్ పడ్డ ఏడాది కూడా అందులోంచే తీయాలి. మూడు రోజుల జీతం ఆ ఏడాది దాన్ని ముట్టుకోకుండా కాపాడుతుంది.

నడివయసులో అక్కడికి వెళ్లిన తెలుగువారికి సగం ఉద్యోగంతో మరో ప్రయోజనం కూడా ఉంది. కొత్త ప్రభుత్వ పెన్షన్ పూర్తిగా రావాలంటే మామూలుగా 35 ఏళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డు కావాలి. ముప్ఫై ఏడేళ్లకు వెళ్లినవారికి అరవై నాటికి ఉండేది ఇరవై మూడే. పూర్తి పెన్షన్ 2025-26లో వారానికి 230.25 పౌండ్లు, ఒక్కో ఏడాది లోటుకు అందులో ముప్ఫై ఐదో వంతు జీవితాంతం తగ్గుతుంది. వారానికి రెండు మూడు రోజుల జీతంతో కూడా ఆ ఏడాది నమోదవుతుంది. శీతాకాలంలో చాలా సైట్లు మూతపడతాయి కనుక, కారవాన్‌లో నీళ్లు వంపి యార్డులో పెట్టి సంక్రాంతికి విజయవాడకో హైదరాబాద్‌కో వచ్చి వెళ్లడం ఈ ఏర్పాటులో చక్కగా ఇమిడిపోతుంది. ఇండియాలోనే స్థిరపడిపోతే మాత్రం బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ ఏటేటా పెరగదు, ఉన్న అంకె దగ్గరే నిలిచిపోతుంది. ఇక బండి లాగడానికి తమ లైసెన్సు చాలదేమోనన్న భయం చాలామందికి తీరిపోయింది. 1997 తర్వాత కారు పరీక్ష పాసైనవారు కూడా 2021 డిసెంబర్ 16 నుంచి వేరే పరీక్ష లేకుండా 3,500 కిలోల దాకా లాగొచ్చు. డెబ్బై దాటాక మూడేళ్లకోసారి లైసెన్సు పునరుద్ధరించుకోవాలి. కొనేటప్పుడే అమ్మే ఏడాదిని కూడా క్యాలెండర్లో రాసుకోమంటాను, అమ్మకానికి శీతాకాలం దాటాక వచ్చే వసంతాన్ని ఎంచుకోవాలి, ఎందుకంటే సీజను ముందు కొనేవాళ్లు దొరికినట్టు నవంబర్లో దొరకరు.